విభూతి కడుక్కోకుండా వెళ్ళిన రోజు

ఒక కార్తీక సోమవారం పొద్దున నేను నుదుటి మీది విభూతి కడుక్కోకుండా క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళాను. ఆ రోజు చేసిన తప్పు అది. అంతటితో ఆగి ఉంటే ఇది రాసే అవసరం వచ్చేది కాదు. తప్పు బయటపడే సమయానికి అందరి చూపూ ఇంకొకరి వైపు తిరిగింది. నేను తిరగనిచ్చాను. అప్పటినుంచి ఆ సంగతి నాలోనే ఉంది. ఇలాంటిదాన్ని బరువు అంటారు. నాకు మాత్రం అది నలుగురిలో కూర్చున్నప్పుడు ఆపుకోవలసిన దగ్గులా ఉండేది. ఎవరైనా నన్ను మంచివాడు అన్నప్పుడల్లా గొంతులో కదిలేది.

మీరెవరో నాకు తెలియదు. చెప్పవలసినవాళ్ళకి చెప్పేశాను, ఆ సంగతి చివర వస్తుంది. అయినా మొదటినుంచీ, నాకు అనుకూలంగా ఎక్కడా సర్దకుండా, ఒకసారి వరుసగా చెప్పాలని ఉంది. సర్దుతున్నానని అనిపిస్తే మీరే పట్టుకోండి.

మాది ఒంగోలు దగ్గర. చాలా ఏళ్ళుగా డబ్లిన్ పడమటి వైపు లూకన్‌లో ఉంటున్నాం. వైద్య పరికరాలు చేసే ఒక ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇంజనీర్ని. రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు చేస్తాం. అవి తయారయ్యే గదిలోకి గాలిని కూడా వడగట్టి వదులుతారు. లోపలికి వెళ్ళేవాళ్ళు తెల్లటి సూటు వేసుకోవాలి. జుట్టుకి వల, దాని మీద హుడ్, మూతికి మాస్కు, చేతులకి గ్లవ్స్. మొహానికి పౌడరు, క్రీము, కాటుక ఏదీ ఉండకూడదు. లోపలికి వెళ్ళాక చేత్తో మొహం తాకకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ నియమాలన్నీ నేర్పేది నేనే.

మా ఇంట్లో దేవుళ్ళు వంటగది ప్రెస్‌లో ఉంటారు. గోడకి ఉండే అలమరాని ఇక్కడివాళ్ళు అలా అంటారు, మాకూ అదే అలవాటైంది. అద్దె ఇంట్లో దేవుడి గది ఎక్కడినుంచి వస్తుంది? కప్పుల పక్క అర ఖాళీ చేసి మా ఆవిడ సుజాత పటాలు పెట్టుకుంది. కార్తీక మాసంలో సోమవారాలు పొద్దున్నే చిన్న లింగానికి అభిషేకం చేసి, నేను కారు తాళాలు అందుకునేలోపు వచ్చి నుదుట మూడు వేళ్ళతో విభూతి రాసేది. ఫ్యాక్టరీకి చేరాక కార్లో టిష్యూతో తుడిచి, బట్టలు మార్చుకునే గదిలో సబ్బుతో కడుక్కునేవాణ్ణి. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. బాధపడుతుందని. ఆమె రాసేది, నేను తుడిచేవాణ్ణి. అలా నడిచిపోయేది.

ఇప్పుడు టోలూ గురించి.

దానికి ముందు ఏడాది బడ్జెట్‌లో ప్రభుత్వం నల్లజాతి యువతకి, వాళ్ళలో ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ళకి, సొంతంగా చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి కొంత డబ్బు విడిగా కేటాయించింది. మా వైపు ఒక స్వచ్ఛంద సంస్థ ఆ డబ్బుతో యువకుల్ని కంపెనీల్లో కొన్ని నెలలు పనికి పెట్టేది. ఆ నెలల భత్యం ప్రభుత్వానిది. పని నచ్చితే ఆ తర్వాత కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. మా ఫ్యాక్టరీ ఒకరిని తీసుకుంది. ఆ ఒక్కరే టోలూ.

ఆ బడ్జెట్ వార్త వచ్చిన వారమే ఒక మిత్రుడి కొడుకు పుట్టినరోజుకి లూకన్‌లో కమ్యూనిటీ హాల్లో కలిశాం. కరీంనగర్ నుంచి వచ్చిన తమ్ముడొకడు బిర్యానీ పళ్ళెం పట్టుకుని, "అన్నా, బడ్జెట్‌ల ఆళ్ళకు పెట్టిండ్రు, మనకేం పెట్టిండ్రే? టాక్సులు కట్టుడే మన పనా?" అన్నాడు. "మన దగ్గర చూసిందే కదయ్యా, కొత్తేముంది" అన్నాను నేను. అందరూ నవ్వారు. నేనేం అన్నానో అక్కడ అందరికీ అర్థమైంది. ఇంటర్మీడియట్ చదివే రోజుల్నుంచి రిజర్వేషన్ల గురించి మా ఇంట్లో, మా వీధిలో, మా హాస్టల్లో అనుకున్న మాటే అది. దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని రాలేదు. అయినా నాతోనే వచ్చింది. తర్వాత జరిగినదానికి భయమే కారణమని నేను చాలాకాలం నాకు చెప్పుకున్నాను. ఆ హాల్లో నవ్వులు గుర్తొస్తే ఆ మాట నిలబడదు. భయానికి ముందే నాలో ఒకటి సిద్ధంగా ఉంది. ఆ అమ్మాయి వెనక తలుపులోంచి వచ్చిందనీ, పోతే ఆమెకి ఇంకో తలుపు తెరుస్తారనీ.

టోలూ తల్లిది నైజీరియా. టోలూ మాత్రం ఇక్కడే పుట్టింది. డబ్లిన్ అంచున క్లోనీలో తల్లితో ఉండేది. నోరు తెరిస్తే అచ్చం డబ్లిన్ పిల్ల. నా ఇంగ్లీషు విని మొదటిరోజే, "మీరు మాట్లాడితే జీపీ డాక్టరు మందు రాసిస్తున్నట్టు ఉంటుంది బాస్" అని నవ్వింది. నన్ను బాస్ అనే పిలిచేది. ఎంత చెప్పినా మానలేదు.

ఆమెకి సన్నటి పొడుగు జడలు చాలా ఉండేవి. మా హుడ్‌లు చిన్నవి. జడలన్నీ చుట్టి లోపల కుక్కితే హుడ్ పైకి లేచి నిలబడేది. "దీన్ని కుట్టినవాడు జన్మలో ఒక్క నల్లమనిషినీ చూసి ఉండడు" అనేది అద్దంలో చూసుకుని. పెద్ద సైజు హుడ్‌లు ఉంటాయని నాకు తెలుసు. తెప్పిస్తానన్నాను. మరిచిపోయాను. రెండోసారి అడిగితే వస్తున్నాయన్నాను. చివరికి ఆమే ఉపాయం చూసుకుంది. వాళ్ళమ్మ ఒక ఆదివారం అంతా కూర్చోబెట్టి, జడలు తలకి అంటుకునేలా కొత్తగా అల్లింది. మర్నాడు హుడ్ సరిగ్గా పట్టింది. ఆ పొద్దున ఆమె మొహంలో సంతోషం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

పని బాగా నేర్చుకుంది. ఇది ఆమె మీద జాలితో చెప్పడం లేదు. గొట్టం చివర గీత పడితే నాకంటే ముందు ఆమె పట్టుకునేది.

ఆ సోమవారం రింగు రోడ్డు మీద యాక్సిడెంటు అయింది. నేను ఆలస్యంగా చేరాను. కార్లో టిష్యూలు అయిపోయాయి. బట్టలు మార్చుకునే గదిలో కుళాయి దగ్గర ఇద్దరున్నారు. లోపల టోలూ నా కోసం ఎదురు చూస్తోంది, ప్యాకింగ్ ముందు ట్రేల తనిఖీ ఆ రోజు చూపించాలి. హుడ్ నుదుటి మీదికి వస్తుంది కదా, కప్పేస్తుంది అనుకున్నాను. అంతే ఆలోచించాను. ఆ ఆలోచనకి ఎంతసేపు పట్టి ఉంటుంది? కుళాయి దగ్గర ఆగడానికి ఎంతసేపు పట్టేది?

ఆ సూటు లోపల వేడిగా ఉంటుంది. నుదురు చెమట పట్టి దురద పెట్టింది. టోలూ బల్ల దగ్గర ట్రే మీదికి వంగి చూపిస్తూ, హుడ్ అంచుని గ్లవ్ వేసుకున్న వేళ్ళతో నొక్కుకున్నాను. ఆ వేళ్ళతోనే ట్రే సర్దాను. "బాస్, మొహం తాకారు" అంది టోలూ, నా గొంతు అనుకరిస్తూ. నేను నేర్పిన నియమం నాకే అప్పజెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం. గ్లవ్స్ మార్చుకున్నాను. ట్రే మార్చలేదు.

మరుసటి రోజు చివరి తనిఖీలో ఆ ట్రేలో బూడిదరంగు నలకలు కనిపించాయి. ఆ బ్యాచ్ మొత్తం ఆపేశారు. దాంట్లోది ఒక్కటి కూడా బయటికి పోలేదు, ఏ రోగికీ చేరలేదు. ఇది మీకు వెంటనే చెప్పాలి. నాకు మిగిలిన ఒకే ఒక్క ఊరట అది, అది కూడా నేను సంపాదించింది కాదు.

నలకల్ని మైక్రోస్కోపు కింద చూసే పని నాది. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. కన్ను ఆనించగానే తెలిసిపోయింది. పుట్టినప్పటినుంచి నుదుట పెట్టుకుంటున్నదాన్ని గుర్తుపట్టలేనా? అప్పుడు నేను ఇంకా వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ఈ కంపెనీ తీసేస్తే దేశంలో ఉండే హక్కు కూడా ప్రశ్నే. ఇష్టమైన చోట పని చేసుకోనిచ్చే స్టాంప్ ఫోర్ కోసం అర్జీ పెట్టి ఎదురు చూస్తున్నాం. సుజాతకి నెలలు నిండుతున్నాయి. నియమాలు నేర్పేవాడే నుదుట బూడిదతో లోపలికి వచ్చాడంటే ఏమంటారు? నన్నంటారు, సరే. మా పూజనీ అంటారు. నవ్వుతారు. ఇంటికెళ్ళి సుజాతకి ఏం చెప్పాలి? నీ చేత్తో రాసిన విభూతి మన కొంప ముంచిందనా? ఆ కడుపుతో ఉన్న మనిషి ఆ మాట ఎన్నాళ్ళు మొయ్యాలి?

చూశారా, సర్దుతున్నాను. ఇవన్నీ నిజాలే. అయినా సర్దుతున్నాను.

సమావేశంలో మా మేనేజర్ ఫింటన్ అడిగాడు, ఏమై ఉంటుందని. ఏదో అవశేషంలా ఉంది, తేల్చలేకపోయాను అన్నాను. అప్పుడెవరో అన్నారు, అది కొత్తమ్మాయి బల్ల కదా, తలకి ఏమైనా రాసుకుంటుందేమో అని. ఎవరూ కోపంగా అనలేదు. అసలు ఆమె మంచి పిల్ల అంటూనే అన్నారు. ఫింటన్ నావైపు చూశాడు. గదిలో తెల్లవాడు కానివాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఔనంటే ఇక అది పక్షపాతం కాకుండా పోతుంది. ఆ చూపులో అది ఉందని అప్పుడే అర్థమైంది. ఉండొచ్చు అని తలూపాను. చర్చ అక్కడితో ముగిసింది.

ఆ వారంలోనే కార్ల దగ్గర టోలూ నన్ను ఆపింది. సన్నగా వాన పడుతోంది. బస్సు కోసం పోతూ వెనక్కి వచ్చింది.

"ఒక్క మాట బాస్. అది నా జుట్టు వల్లేనా?"

"ఎవరన్నారు?"

"హెచ్‌ఆర్ ఆవిడ. నా తప్పేమీ లేదట, నేను తలకి రాసుకునేది కారణం అయి ఉండొచ్చట. ఎంత మర్యాదగా చెప్పిందో. టీ కూడా పెట్టి ఇచ్చింది. కానీ చూసింది మీరు కదా. మీరు చెబితే నమ్ముతాను."

ఆమె నా మొహంలోకి సూటిగా చూస్తోంది. నేను ఆమె భుజం మీద బ్యాగు పట్టీని చూశాను.

"కావచ్చు" అన్నాను.

"అది కొన్నది కాదు. మా అమ్మ ఇంట్లో చేసే నూనె."

"ఇంట్లో చేసేవాటిలో ఏం కలుస్తుందో చెప్పలేం కదా టోలూ."

ఈ చివరి మాట నన్నెవరూ అనమనలేదు. ఎవరి బలవంతమూ లేదు. నా అంతట నేను, అడక్కుండా, ఆమె చేతిలో పెట్టాను. కావచ్చు అన్న మాట భయం నాచేత అనిపించింది అనుకుందాం. ఈ మాట నాచేత ఏది అనిపించింది?

ఆమె బ్యాగు పట్టీ భుజం మీదికి లాక్కుంది. తర్వాత, "సరే, గ్రాండ్, పర్లేదు. నిజం చెప్పినందుకు థాంక్స్ బాస్" అంది. బస్సు వచ్చింది. పరిగెత్తి ఎక్కింది.

ఆ తర్వాత ఆమెని క్లీన్‌రూమ్‌లోకి పంపలేదు. గోదాములో పెట్టెలకి లేబుళ్ళు అంటించే పని ఇచ్చారు. గడువు ముగిశాక ఉద్యోగం వేరేవాళ్ళకి వెళ్ళింది. వీడ్కోలుకి కేకు తెచ్చారు, నేనూ తిన్నాను. మరుసటి ఏడాది ఆ పథకం కింద ఇంకొకరిని తీసుకుంటారా అని సంస్థవాళ్ళు అడిగితే, మా దగ్గరి పనికి వాళ్ళు కుదరరేమో అని పై స్థాయిలో అనుకుని వద్దన్నారు. "వాళ్ళు" అనే అన్నారు. ఒక్క అమ్మాయి కాదు, వాళ్ళు. ఆ గదిలోనూ నేనున్నాను. అప్పుడూ ఏమీ అనలేదు.

స్టాంప్ ఫోర్ వచ్చింది. పాప పుట్టింది. తర్వాత పౌరసత్వం కూడా వచ్చింది. పెద్ద హాల్లో అందరితో పాటు నిలబడి ఈ దేశానికి విధేయుడినై ఉంటానని ప్రమాణం చేశాను. ఇక నన్నెవరూ పంపలేరు. మరి ఇప్పుడెందుకు చెప్పవు? అని ఆ రోజు ఇంటికి వస్తూ నన్ను నేను అడిగాను. భయపడటానికి కారణాలు ఒక్కొక్కటే పోతున్నాయి, భయం మాత్రం అక్కడే ఉంది. పోనీ, అది మొదటినుంచీ ఉద్యోగం గురించిన భయమేనా? నేను ఎలాంటివాణ్ణో నలుగురికీ తెలుస్తుందన్న భయమా? ప్రతి ఉదయం క్లీన్‌రూమ్ ముందు రెండుసార్లు మొహం కడుక్కునేవాణ్ణి. చర్మం పొడిబారి పగిలేది. జీపీ లేపనం రాసిచ్చాడు. దాన్నీ కడుక్కుని లోపలికి వెళ్ళేవాణ్ణి.

ఆమె ఏమైందో కనుక్కోలేదు. ఏదో ఒకటి దొరికే ఉంటుంది అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అనుకున్నట్టు ఉన్నాను.

కిందటి శరదృతువులో మళ్ళీ బడ్జెట్ వచ్చింది. అందులో నల్లజాతి యువతకి, ఉద్యోగార్థులకి, చిన్న వ్యాపారులకి ఏమేమి సాయం ఉందో వివరించడానికి లూకన్‌లో ఒక శనివారం సభ పెట్టారు. ఇంట్లో సబ్బులూ పచ్చళ్ళూ చేసి అమ్మాలనుకునేవాళ్ళకి శుభ్రత గురించి ఎవరైనా చెప్పాలని మా కంపెనీని అడిగారట. కంపెనీ నన్ను పంపింది. నేను ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నాను? మంచిపని ఒకటి చేస్తే లోపల కొంచెం చప్పబడుతుందేమోనని.

హాల్లో కుర్చీలు వేస్తున్న మనిషి తలెత్తి, "బాస్" అంది.

టోలూ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. సెల్‌ఫోన్ల దుకాణంలో పని, శనివారాలు ఈ సంస్థకి సాయం చేస్తుందట. పక్కవాళ్ళకి నన్ను చూపించి, ఈయనే నాకు గ్లవ్స్ తొడుక్కోవడం నేర్పింది, ఇప్పటికీ చేతులు అలాగే కడుగుతాను అని చెప్పింది. మొహంలో కల్మషం లేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, మీ అమ్మ బాగున్నారా, ఇలాంటి సభకి ఆవిడ రాలేదా అని అడిగాను.

రాదు అంది టోలూ. తర్వాత, ఎప్పుడో అయిపోయిన తమాషా చెబుతున్నట్టు చెప్పింది. నేను ఫ్యాక్టరీలో ఆమెకి పని నేర్పుతున్న నెలల్లోనే వాళ్ళమ్మ కూడా అదే బడ్జెట్ సాయం కోసం పేరు ఇచ్చిందట. జుట్టుకి రాసే ఆ నూనె వ్యాపారంగా మొదలుపెట్టాలని. మొదటి వడపోతలన్నీ దాటింది. సీసాలు తెప్పించుకుంది. చివరి ఇంటర్వ్యూ ఉందనగా టోలూ ఆ వాన రోజున ఇంటికెళ్ళి, నూనె వల్లేనట అని చెప్పింది. మర్నాడే ఆవిడ వెళ్ళి తన పేరు తీసేయించుకుంది. నా కూతురి ఉద్యోగానికి ఎసరు పెట్టిన నూనె వేరేవాళ్ళ పిల్లల తలలకి ఎలా రాయమంటారు అందట. చుట్టాలకీ చర్చిలో స్నేహితులకీ ఫోన్లు చేసి, మీ దగ్గరున్నది పారబోయండి అని చెప్పిందట. టోలూ తల ఒళ్ళో పెట్టుకుని, తాను అల్లిన జడలన్నీ తానే విప్పింది. ఆ తర్వాత మళ్ళీ నూనె కాచలేదు.

"మీరు నిజం చెప్పి మంచిపని చేశారు లెండి. లేకపోతే అమ్మ దాన్ని అమ్మేది, ఎవరికేమయ్యేదో" అంది టోలూ. అని కుర్చీలు వేయడానికి వెళ్ళిపోయింది.

నేను ఏం చేసి ఉంటానంటారు? వేదిక ఎక్కి శుభ్రత గురించి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు కూడా చెప్పలేదు. ఇది నా గురించి మీకు తెలియాలి.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. ఇన్నేళ్ళుగా సుజాతని కాపాడుతున్నానని అనుకున్నాను. తన చేతివల్ల కీడు జరిగిందని ఆమె అనుకోకూడదని. ఆ నింద ఎక్కడికీ పోలేదు. నేను దాన్ని నా ఇంట్లోంచి తీసి క్లోనీలో ఇంకో ఆడమనిషి చేతుల్లో పెట్టాను. ఆవిడ దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

సుజాతకి చెప్పేశాను. విన్నంతసేపూ కూరగిన్నె మూత మీద చెయ్యి తీయలేదు. "కడుక్కోవాలని ఒక్కమాట చెబితే నేను పెట్టేదాన్నే కాదు కదండీ" అంది చివరికి. ఆ తర్వాత చాలాసేపటికి, "ఆ అమ్మాయి మనింటికి ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. "మన పిల్లల్నయితే ఒక పూట భోజనానికి పిలిచేవాళ్ళం" అంది.

సోమవారం ఫింటన్ గదికి వెళ్ళి తలుపు వేసి అంతా చెప్పాను. మొదట అర్థం కాలేదు అతనికి. బూడిద అంటే ఏం బూడిద అన్నాడు. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, "ఆ రోజే నువ్వు చెప్పి ఉంటే నీకొక హెచ్చరిక, మాకొక కొత్త నియమం, అంతేగా" అన్నాడు. అది విని కూర్చోలేకపోయాను. అంతే అయ్యేదా? అతను ఇప్పుడంటున్నాడు, అప్పుడు ఏమనేవాడో ఎవరికి తెలుసు? కానీ నేను తెలుసుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. విచారణ జరిగింది. శిక్షణ ఇచ్చే పని నా దగ్గరనుంచి తీసేశారు. ఇంకొక తప్పు చేస్తే ఉద్యోగం ఉండదని రాతపూర్వకంగా చెప్పారు. కారణం ఆ అమ్మాయి కాదని ఆమెకీ సంస్థకీ తెలియజేస్తామన్నారు. వాళ్ళు తెలియజేసేలోపు నేను చెప్పుకుంటానని ఫింటన్‌ని అడిగాను. సరేనన్నాడు.

టోలూని ఆమె దుకాణం ఎదురుగా బెంచీ మీద కలిశాను. తినడానికి తెచ్చుకున్న శాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది. మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయ్యాక ఒకటే అడిగింది, "కార్ల దగ్గర నేను అడిగినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

శాండ్‌విచ్ కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. క్షమించమని అడగబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది. అది తనకి అక్కర్లేదంది. ఆదివారం ఇంటికి వచ్చి అమ్మకి చెప్పమంది. తాను చెబితే, తనని ఓదార్చడానికి కూతురు కథ అల్లిందని అమ్మ అనుకుంటుందట. నన్ను బాస్ అనలేదు. పేరు పెట్టీ పిలవలేదు.

ఆదివారం మధ్యాహ్నం క్లోనీ వెళ్ళాను. ఒట్టిచేతులతో వెళ్ళాను, ఏం తీసుకెళ్ళినా లంచంలా ఉంటుందని. వాళ్ళమ్మ నాకంటే కొంచెం పెద్దది. చర్చి నుంచి వచ్చి బట్టలు ఇంకా మార్చుకోలేదు. కూర్చోమని కుర్చీ చూపించింది. నిలబడే చెప్పాను. టోలూ కోటు విప్పకుండా తలుపుకి ఆనుకుని ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. రెండుచోట్ల ఆగిపోయాను. అయినా దాటవేయలేదు, ఇంట్లో చేసేవాటి గురించి నేనన్న ఆ మాటతో సహా.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. పొయ్యి కట్టేసింది.

"నా నూనె కాదు" అంది. అడగలేదు. తనకి తాను చెప్పుకుంది.

"కాదు" అన్నాను.

ఆవిడ తన అరచేతులు తిప్పి చూసుకుంది. తర్వాత బల్ల మీద ఫోను తీసుకుని నంబరు నొక్కి, అందరికీ వినిపించేలా పెట్టింది. కార్క్‌లో ఉన్న చెల్లెలట. వాళ్ళ భాషలో రెండు ముక్కలు చెప్పి, ఫోను నా ముందు పెట్టి, "ఇప్పుడు దీనికి చెప్పు" అంది.

చెప్పాను. అవతలి మనిషి నన్ను ఇంగ్లీషులోనూ వాళ్ళ భాషలోనూ చాలాసేపు తిట్టింది. మా అక్క ఎన్ని రాత్రులు ఏడ్చిందో నీకు తెలుసా అంది. తెలియదన్నాను. నిజంగా తెలియదు. వింటూ నిలబడ్డాను. నేను అనుభవించవలసినదాంట్లో అది ఎన్నో వంతో కూడా నాకు తెలియదు.

ఆవిడ నావైపు చూడనైనా చూడలేదు. క్షమిస్తున్నాననలేదు, పొమ్మనలేదు. ఇంకొక నంబరు నొక్కింది. ఈసారి చర్చి స్నేహితురాలు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. రెండోసారి ఎక్కడా ఆగలేదు. చెబుతుండగా ఊపిరి నిండా అందుతోందని గమనించాను. అలా అందినందుకు సిగ్గుపడ్డాను కూడా. వాళ్ళ ఇంట్లో, వాళ్ళ కష్టం మధ్య నిలబడి నేను తేలికపడటం ఏమిటి? అయినా తేలికపడ్డాను. అది మీ దగ్గర దాచను.

నూనె పారబోయమని ఆవిడ ఆనాడు ఎంతమందికి చెప్పిందో, అంతమందికీ చెప్పాలన్నమాట. అది ఆవిడ నోటితో అనలేదు. మూడో నంబరు నొక్కుతుంటే అర్థమైంది.

ఫోను మోగింది. అవతల ఎవరో ఎత్తి, ఎవరు మాట్లాడేది అన్నారు. ఆవిడ ఫోను నావైపు జరిపింది. నా పేరు చెప్పి, మొదలుపెట్టాను.